తెర దించాక పెట్టే ముద్ద

మా చెల్లెలు పూలమ్మ చేత నాటకాలు మాన్పించింది మీరే. మీరంటే అబిడ్స్ వెనక సందులో మేడ మీద రిహార్సళ్లు వేసుకునే నాటక సమాజం పెద్దలు. సమాజం పేరు రాయను. రాస్తే, ఆ ఒక్కటే తప్పు చేసిందని మిగతా సమాజాలు చేతులు దులుపుకుంటాయి. "తెలంగాణ ఆడపిల్లలు రంగస్థలానికి ముందుకు రావడం లేదు" అని మొన్న సభ పెట్టి విచారం వెలిబుచ్చారట. ఫ్యాను కింద కూర్చుని విచారించారు. వచ్చింది కదయ్యా ఒక పిల్ల! మీ మాట నేర్చుకుంది, మీ చీరకట్టు నేర్చుకుంది, మీరు పడమన్నచోట పడి చచ్చింది, మీకు కప్పు తెచ్చిపెట్టింది. ఆ పిల్లకు రాత్రి అన్నం ఎట్లా పెట్టారో ఆ సభలో ఒక్కరూ నోరు విప్పలేదు. నేను విప్పుతాను. నాకు సొగసుగా రాయడం రాదు. రాకపోయినా రాస్తున్నాను.

పందొమ్మిది వందల అరవై ఆరు, మామిడికాయల కాలం. నేనూ పూలా మొజంజాహీ మార్కెట్‌లో కాయ ఏరేవాళ్లం. రాత్రి లారీల్లో దిగిన సరుకును తెల్లవారి వేరు చేయాలి. పచ్చిది ఒకవైపు, దోరది ఒకవైపు, దెబ్బ తిన్నది ఇంకోవైపు. తర్వాత ఎండుగడ్డి పరిచి పేర్చాలి. ఆ కాలమంతా మా జుట్టులో గడ్డిపరకలే, చేతుల మీద సొనకు కాలిన మచ్చలే. మా ఆయన గట్టయ్య అక్కడే హమాలీ. ముగ్గురం మార్కెట్ వెనక ఒక కిరాయి గదిలో ఉండేవాళ్లం. నేను బడికి పోయింది లేదు. హమాలీ సంఘం కరపత్రాలు పంచేదాన్ని. అందులో ఏముందో తెలియకుండా పంచడం సిగ్గనిపించి అక్షరాలు నేర్చుకున్నాను. పూలకు ఆ అవసరం రాలేదు. నేను చదివి వినిపిస్తే చాలు, ఒకసారి విన్నది ఆమె మర్చిపోయేది కాదు.

ఆమెకు ఒక పాడలవాటు ఉండేది. కొనేవాళ్ల గొంతు పట్టేసి, వాళ్లు వెనక్కి తిరగ్గానే అప్పచెప్పేది. ఒకరోజు కోస్తా నుంచి ఆఫీసులతో పాటు వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దమనిషి రసాల కోసం వచ్చాడు. పంచె, చేతిలో గుడ్డసంచి, ముందరి పళ్లు రెండు లేవు. కాయ కాయనూ వాసన చూసి, పెదవి విరిచి, సంచి దులుపుకుని కదిలాడు. పూల మొదలుపెట్టింది.

"ఏవమ్మా, ఇవి అసలు రసాలేనా? పీచుంటుందా? మా వైపు రసం అయితే నోట్లో పెట్టుకుంటే చాలు, టెంక మాత్రం మిగులుతుంది!"

ఆయన ఆగిపోయాడు. తన గొంతే వెనక నుంచి వినపడితే ఎవడైనా ఆగుతాడు. తిరిగొచ్చి సంచి కింద పెట్టాడు.

"తప్పయింది సారూ," అని నేనే ముందు అన్నాను.

"తప్పేంటమ్మా! అమ్మాయ్, మళ్లీ అను."

పూల మళ్లీ అంది. ఈసారి ఆయన పళ్లసందులోంచి వచ్చే గాలి కూడా పెట్టింది. ఆయన నవ్వుతూ గడ్డి మీదే కూలబడ్డాడు.

"నాటకంలో వేస్తావా?"

"ఏం ఎయ్యాలె సారూ, చీపురా?" అని నేను అడ్డమొచ్చాను.

"వేషం, తల్లీ. కథానాయిక వేషం."

ఆయన పేరు శ్రీరామమూర్తి. ఎన్నో ఏళ్లు ఆ సమాజంలో ఆడవేషాలు ఆయనే కట్టాడట. "నాకు పళ్లూడుతున్నాయి. పళ్లూడిన ఇల్లాలి కోసం ఎవరేడుస్తారు? పైగా ఇప్పుడు పోటీల్లో ఆడవేషం ఆడవాళ్లే వెయ్యాలంటున్నారు. మా ఇళ్లల్లో ఆడవాళ్లను పంపరు. నువ్వు రా," అన్నాడు.

మా ఇళ్లలో ఆడవాళ్లనయితే పంపొచ్చు. ఆ మాట ఆయన అనలేదు, కానీ నాకు వినపడింది. పూలకు వినపడలేదు. ఆమె కళ్లు అప్పటికే ఆ మేడ ఎక్కేశాయి.

సమాజం పెద్ద అమరేశ్వరరావు. నాటకం ఆడించేదీ ఆయనే, నాయకుడి వేషం వేసేదీ ఆయనే. మొదటి రోజు మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాడు.

"ఏ ఊరమ్మా మీది?"

చెప్పాను.

"ఊళ్లో ఎక్కడ?"

"ఊరి బయట."

ఆయన తల పంకించి, "కళకు అవన్నీ ఏమీ లేవమ్మా," అన్నాడు. ఏవన్నీ అని నేనడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పేవాణ్ణి సంఘంలో మేము నమ్మం.

నాటకం ఒక గుమాస్తా ఇంటి కథ. చివరి రంగంలో గుమాస్తా భార్య జబ్బుతో నేల మీద పడి చచ్చిపోతుంది. ఆఖరి మాట, "పిల్లలు పడుకున్నారా అండీ?" ఆ ఒక్క మాట కోసం పూలను వాళ్లు సాధించిన సాధింపు ఇంతా అంతా కాదు. "పండుకున్రా కాదమ్మా. పడుకున్నారా. ఆ, దీర్ఘం. ఇంకా మెత్తగా." వారం తిరక్కుండా ఆమె నోట కృష్ణ ఒడ్డున పుట్టినదాని మాట పలికింది. శ్రీరామమూర్తి పక్కన కూర్చుని పడటం నేర్పాడు. మోకాలు ముందు, తర్వాత నడుము, చేయి తల కిందకు పోకూడదు.

ఒకరోజు రిహార్సల్ మధ్యలో ఆయనే ఈ సంగతి చెప్పాడు.

"చావడం తేలికే అమ్మాయ్. చచ్చాక మటుకు నీ అంతట నువ్వు లేవకూడదు."

"మరెట్ల సారూ?"

"మా సమాజంలో ఒక ఆచారముంది. తెర దించాక సమాజం పెద్దగారి ఇల్లాలు హారతి పట్టుకొస్తుంది. పడ్డచోటే కూర్చోబెట్టి, పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టి, 'లేచి రా' అంటుంది. అప్పుడు లేవాలి. ఆ తర్వాతే అందరి భోజనాలు. మొదటి విస్తరి చచ్చినవాళ్లదే."

"మీకు పెట్టిన్రా?"

"ఎన్నిసార్లో! రంగు పూసుకున్నాక ఏమీ తినకూడదు కదా, గొంతు బరువెక్కుతుంది. మధ్యాహ్నం నుంచీ కడుపు మాడుతూ ఉంటుంది. పైగా చచ్చి ఉంటాం. ఆ ముద్ద ఉంది చూశావూ..." అని కళ్లు మూసుకున్నాడు. "పోయిన ప్రాణం లేచొచ్చినట్టే ఉంటుంది తల్లీ."

పూల ఆ మాటను చీర కొంగున ముడేసుకుంది. ఆ రాత్రి నుంచి మా గదిలో రోజూ చావే. గట్టయ్యను గుమాస్తాను చేసి, చాప మీద పడి, "పిల్లలు పడుకున్నారా అండీ?" అనేది.

"గా అండీ ఏందే, నాకు సిగ్గయితుంది," అనేవాడు గట్టయ్య.

"సిగ్గుపడకు బావా, ఏడ్వు. పెండ్లాం సచ్చింది నీకు."

"రోజూ సస్తవు, తెల్లారి లేసి బువ్వ మాత్రం మస్తు తింటవు!"

పక్క గదుల ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి చూసేవాళ్లు. మొదట్లో నవ్వేవాళ్లు. తర్వాత్తర్వాత ఆ మాట దగ్గరకు రాగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. పూల చచ్చి అట్లాగే పడుకుని, "అక్కా, ముద్ద పెట్టు, లేస్త," అనేది. నేను ఏదుంటే అది పెట్టేదాన్ని. లేచేది.

పోటీల ఆట నాంపల్లిలో, స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న హాల్లో. ఆడమనిషి వేషం వేస్తే తోడు ఒకరు రావాలని సమాజం వాళ్లే పెట్టిన నియమం. ఆ తోడు నేనే. మధ్యాహ్నమే రంగు పూశారు. ఆ తర్వాత పూల మంచినీళ్లు తప్ప ముట్టలేదు. నేనూ ముట్టలేదు, ఆమె తినంది నాకు ముద్ద దిగదు.

ఆట గురించి ఎక్కువ రాయను. అది మీకు తెలుసు, మీరందరూ ఉన్నారు. చివరి రంగంలో దూరంగా ఒక రైలు కూత వేసింది. ఆ కూత ఆగేదాకా ఆగి, అప్పుడడిగింది పిల్లల గురించి. హాల్లో ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. తెర దిగింది. చప్పట్లు తెర మీద వాన పడ్డట్టు పడ్డాయి.

పూల లేవలేదు.

తెర వెనక అందరూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. అమరేశ్వరరావును చూడటానికి పెద్ద పెద్ద వాళ్లు లోపలికొచ్చారు. శాలువా కప్పారు. మంచం తీశారు, కిటికీ గీసిన గుడ్డ గోడ మడిచారు, దీపాలు ఒకటొకటే ఆర్పారు. పూల పడ్డచోటే ఉంది. జంపఖానా చుట్టేవాళ్లు ఆమె కాళ్ల దాకా చుట్టుకొచ్చి ఆగారు.

"అమ్మా, జర లేస్తవా? జంపఖానా తియ్యాలె."

ఆమె కదల్లేదు. మధ్యాహ్నం నుంచి తిండి లేదు, సొమ్మసిల్లిందనుకుని పరుగెత్తి వంగాను.

"పూలా! ఏమయిందే? లే."

కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"ఊకో అక్కా. వస్తరు."

అప్పుడర్థమైంది నాకు. ఆమె తల దగ్గర నిలబడ్డాను. సమ్మె రోజుల్లో లాఠీలకు ఎదురు నిలబడినప్పుడు కూడా నా కాళ్లు అంత బరువెక్కలేదు. శ్రీరామమూర్తి పక్క తెర దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు. ఒక అడుగు వేశాడు.

"మూర్తిగారూ!" అమరేశ్వరరావు పిలిచాడు. "ఇంటి దగ్గర విస్తళ్లు వేశారట. రండి, వంటలు చల్లారిపోతాయి."

శ్రీరామమూర్తి ఆమెను చూశాడు, నన్ను చూశాడు, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

అందర్నీ పంపించి అమరేశ్వరరావు మా దగ్గరకు వచ్చాడు. మనిషి మంచి సంతోషంలో ఉన్నాడు.

"ఇంకా లేవలేదా అమ్మాయి? అద్భుతం! జీవించిందనుకో."

"సచ్చింది సారూ," అన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు. "మీ ఇద్దరికీ పొట్లాలు కట్టించాను. పులిహోర. ఇంటికి వెళ్లి హాయిగా తినండి. పొద్దుపోయింది కదా, మళ్లీ మీరు అంత దూరం మా ఇంటికొచ్చి ఎక్కడ ఇబ్బంది పడతారు!"

పూల కళ్లు తెరిచింది. చేయి నేలకు ఆనించి, తనంతట తానే లేచింది. చీర దులుపుకుంది. జంపఖానా చుట్టేవాళ్లకు దారి ఇచ్చింది. ఇంతే జరిగింది.

పొట్లాలు రంగు పూసే గది బల్ల మీదే వదిలేశాను. బయటికొచ్చాక పూల అంది, "అక్కా, ఇంటికి పోయి తినుడు గాదు. ఏడన్న కూసుందాం. ఎవరన్న వడ్డిస్తె తినాలె."

పట్టణం ఇంత పెద్దది, నాటకం చూసి ఆకలేసిన ఇద్దరు మనుషులకు ఒక బల్ల దొరకదా అనుకున్నాను. అబిడ్స్‌కు నడిచాం. ఒక భోజనం హోటలు ఇంకా మూయలేదు. లోపలంతా నాటకం చూసొచ్చిన కుటుంబాలే. మల్లెపూలు, జరీ అంచులు, నెయ్యి వాసన. గుమ్మం దగ్గరి బల్ల మీద ఒకావిడ చారు పోసుకుంటూ మొగుడితో అంటోంది, "ఆ పిల్ల ఎంత బాగా చచ్చిపోయిందండీ! నాకింకా అన్నం సహించట్లేదు." సహించనిది మళ్లీ వడ్డించమంది. పూల ఆమెకు మూడడుగుల దూరంలో, మెడ మీద ఇంకా రంగుతో, ద్వారం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చూడలేదు.

వడ్డించే ఆయన అడ్డమొచ్చాడు. "మీతో మగవాళ్లు లేరామ్మా?"

"లేరు."

"ఆడవాళ్లు ఈ టైములో హాల్లో కూర్చోకూడదు. ఫ్యామిలీ రూం ఫ్యామిలీకే."

"మేం ఫ్యామిలీ కాదా? అక్కాచెల్లెండ్లం."

"మగవాళ్లుంటేనే ఫ్యామిలీ అమ్మా. ఓనరుగారు చూస్తే నన్ను తిడతారు. వెళ్లండి."

అతని చంకలు చెమటతో తడిసి ఉన్నాయి. అతనితో కొట్లాడి ఏం లాభం? నాంపల్లి వైపు తిరిగాం. స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్ తెరిచే ఉంది. గల్లా దగ్గరి ముసలాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, అంత మర్యాద. "అమ్మా, ఈడ అంత మొగోళ్లే కూసుంటరు. బన్ను, చాయ్ బయటికి పంపిస్త, పైసల్ గూడ వద్దు."

"నిలబడి తిననయ్యా," అంది పూల. మెల్లగానే అంది.

రెండు ఊళ్లు తిరిగినంత అలసటతో ఆఖరికి మా మార్కెట్‌కే వచ్చాం. లారీలు అప్పుడే దిగుతున్నాయి. గంప నెత్తినెత్తుకున్న హమాలీల కోసం కిష్టవ్వ గోడ పక్కన రాత్రంతా పొయ్యి వెలిగించి ఉంచేది. జొన్నరొట్టె, దెబ్బతిన్న కాయలతో చేసిన మామిడికాయ పప్పు, ఎల్లిపాయ కారం. ఆమె బల్ల అంటే తిరగేసిన నాలుగు మామిడి పెట్టెలు. గట్టయ్య దూరం నుంచి మమ్మల్ని చూసి గంప దించకుండానే అరిచాడు, "ఏమే, పెద్దోళ్ల ఇంట్ల విందు అయిందా?" నేను తల అడ్డంగా ఊపాను. అతను గంపతో ముందుకు నడిచాడు.

కిష్టవ్వ పొయ్యి వెలుగులో పూల మొహం చూసి ఉలిక్కిపడింది.

"ఏందే కొండమ్మా, పిల్ల మొకం గట్ల తెల్లబడ్డది?" అని నన్నడిగింది.

"రంగవ్వా. నాటకంల సచ్చిపోయింది."

"మరి ఎవలు లేపిన్రు?"

"నేనే లేసిన," అంది పూల.

"సచ్చి లేసినోళ్లకు ఆకలెక్కువుంటది. కూసో బిడ్డా." పెట్టెను కొంగుతో తుడిచింది. పూల చేతులు చూసుకుంది. అరచేతుల నిండా రంగు, రంగు పోవడానికి రుద్దిన కొబ్బరినూనె. కడుక్కోవడానికి ఆ పొద్దులో మార్కెట్ నల్లా రాదు. కిష్టవ్వ రొట్టె తుంచి, పప్పులో నానబెట్టి, రెండుసార్లు ఊది, పూల నోటికందించింది.

"నోరు తెరువు. సిగ్గేంది, నీ అంత మనుమరాలుంది నాకు."

పూల నమిలింది. చాలాసేపు నమిలింది. తర్వాత రెండో ముద్దకు నోరు తెరిచింది. ఆ రాత్రి పట్నం మొత్తం మీద మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా నన్నడిగితే చూపించేదాన్ని.

రెండ్రోజులకు శ్రీరామమూర్తి మార్కెట్‌కు వచ్చాడు. సంచి తెరిచి పట్టుకుని, కాయ అడక్కుండా నిలబడ్డాడు.

"అమ్మాయి ఎలా ఉందమ్మా?"

"మంచిగనే ఉంది. ఎవలు లేపకున్న లేసింది."

ఆయన గొంతు తగ్గించాడు. "ఆ ఆచారం తీసేశారమ్మా. కార్యవర్గంలో అనుకున్నారట. ఛాందసమట. ఇవి కొత్త రోజులు కదా."

"ఎన్నడు తీసేసిన్రు? ఆమె పడకముందా, పడ్డంకనా?"

"నాకు తెలీదు తల్లీ."

"మీరు సచ్చినప్పుడు ముద్ద పెట్టిన్రు గద. అప్పుడు ఛాందసం కాలేదా?"

"నేను మగవాణ్ణి..."

"చీర కట్టుకోనే సచ్చిన్రు గద సారూ."

ఆయన సంచి చేతిలోంచి జారింది. తీసుకోలేదు. నేను వదల్లేదు. "ఆ రాత్రి మీరొక అడుగేసిన్రు. నేను సూసిన. రెండో అడుగు ఎందుకెయ్యలె?"

కింద పడ్డ సంచి వైపు చూస్తూ అన్నాడు. "ఆ పంక్తిలో నాకూ ఒక విస్తరుందమ్మా. అది పోతుందని."

అబద్ధం చెప్పలేదు. ఆ సమాజంలో నాకు నిజం చెప్పింది ఆయనొక్కడే. అంతలో గడ్డి మోపుతో పూల వచ్చింది. అంతా వినే ఉంది.

"అక్కా, నువ్వూకో. తీసేసిన్రంట గద! తీసేస్తె అందరికి తీసేసినట్టే, నాకొక్కదానికి గాదు గద. గా సంగతి తెల్వక నేనే పిచ్చిదానిలెక్క పండుకున్న." నవ్వింది కూడా. కింద పడ్డ సంచి తీసి, మంచి కాయలు ఏరి తనే నింపింది. "తీస్కపొండి సారూ. పీచు లేదు."

ఆ మాట పట్టుకునే ఆమె మళ్లీ మేడ ఎక్కింది. పోటీల ఫలితాలొచ్చాయి. ఉత్తమ నటి పూలమ్మ. స్టేజీ మీద ఆమె చేతికి వెండి కప్పు ఇచ్చారు. ఫోటో తీసేదాకా ఆమె చేతిలో ఉంది. తర్వాత అది సమాజానిదన్నారు, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. పూల దానికీ ఏమనలేదు. ఆమెకు కావలసింది కప్పు కాదు, మళ్లీ ఆడటం.

రెండో నాటకం కాయ తగ్గుముఖం పట్టాక, తొలకరి ముందర. అదే హాలు. ఈసారి చచ్చిపోయేది నాయకుడు, ఒక ముసలి హెడ్మాస్టరు. అంటే అమరేశ్వరరావు. పూలది పనిమనిషి వేషం. చచ్చిపోతున్న అయ్యగారికి నీళ్ల చెంబు తెచ్చి, తాగించేలోపే ఆయన పోతే, చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోవాలి. చిన్న వేషం. అయినా ఆమె నిలబడిన తీరుకు ముందు వరసలో ముక్కులు తుడుచుకున్నారు.

తెర దిగింది. అమరేశ్వరరావు లేవలేదు.

నేను పక్కనుంచి చూస్తున్నాను. వయసు మీద పడ్డవాడు, పట్టేసిందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. అప్పుడు అవతలి వైపు నుంచి ఆయన భార్య జానకి వచ్చింది. పట్టుచీర, వెండి పళ్లెం, అందులో కర్పూరం, చిన్న గిన్నెలో పెరుగన్నం. కార్యవర్గమంతా చుట్టూ చేరింది. మంచం ఎవరూ తియ్యలేదు, దీపం ఒక్కటీ ఆర్పలేదు, జంపఖానా చుట్టేవాళ్లు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. పూల ఇంకా ఆయన తల దగ్గరే ఉంది, చెంబుతో.

"కాస్త పక్కకు జరుగమ్మా," అంది జానకి. "ఆ చెంబు అక్కడ పెట్టెయ్."

పూల చెంబు పెట్టింది. పక్కకు జరిగింది.

హారతి వెలిగింది. జానకి మొగుణ్ణి పడ్డచోటే కూర్చోబెట్టి, ముద్ద నోట్లో పెట్టి, "లేచి రండి," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. శ్రీరామమూర్తి ఆ గుంపులో లేడు. రంగు పూసే గది గుమ్మంలో, గోడకేసి తిరిగి నిలబడి ఉన్నాడు.

పూల కొబ్బరినూనెతో మొహం తుడుచుకుంది. తొందరపడలేదు. చెవుల వెనక, మెడ మీద, వేళ్ల సందుల్లో, ఎక్కడా చుక్క రంగు మిగలకుండా తుడిచింది. వేషం చీర మడిచి పెట్టెలో పెట్టింది.

"అక్కా, ఆకలైతుంది. పోదాం పా."

ఆ హారతి గురించి నాతో ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ అనలేదు.

దారిలో తుంపర మొదలైంది. ఈసారి ఏ హోటలు గుమ్మం దగ్గరా ఆగలేదు. మార్కెట్‌లో కిష్టవ్వ పొయ్యి మీద గోనెపట్టా అడ్డం కట్టుకుని కూర్చుంది.

"ఏం బిడ్డా, ఇయ్యాల సచ్చినవా, బతికినవా?"

"ఇయ్యాల సావలేదవ్వా. ఊకె సూసిన."

కిష్టవ్వ నా మొహం చూసి ఇంక నవ్వలేదు. రొట్టె వేసింది. పూల తన చేత్తోనే తిన్నది.

వానాకాలం పోయాక శ్రీరామమూర్తి కొత్త నాటకం కాగితాలు చంకన పెట్టుకుని వచ్చాడు. పూల వేషం ఈసారి రాణి అట. ఆయన చెప్పేదంతా ఆమె విన్నది.

"రసాలు అయిపోయినయి సారూ," అంది. "సీతాఫలాలున్నయి. ఏరి ఇయ్యమంటరా?"

ఆయన కొన్నాడు. మళ్లీ రాలేదు.

మా గదిలో ఇప్పుడు ఎవరూ చావరు. పూల ఎవరి గొంతూ పట్టదు, కొనేవాళ్లు ఎంత వంకరగా మాట్లాడినా తల వంచుకుని కాయ ఏరుతుంది. ఒక రాత్రి గట్టయ్యే ఉండబట్టలేక అడిగాడు, "ఒక్కపాలి సావరాదే పూలా. ఇల్లు బోసిపోయింది." ఆమె చాప దులుపుతూ, "మర్చిపోయిన బావా," అంది. ఒకసారి విన్నది మర్చిపోని పిల్ల.

ఇన్నేళ్లకు ఇప్పుడు మీ మనిషి వచ్చాడు. వార్షికోత్సవంలో పూలమ్మకు సన్మానమట, శాలువా అట. తర్వాత విందు కూడా ఉందన్నాడు. విందు ఎక్కడ, ఎవరెవరు కూర్చుంటారు అని అడిగాను. నసిగి వెళ్లిపోయాడు.

అందుకని మీకు ముఖాముఖి రాస్తున్నాను. శాలువా మాకొద్దు. కప్పు మీ బీరువాలోనే మగ్గనివ్వండి. తెర దించిన ఆ హాల్లోనే, ఆ చోటే, పంక్తి వేయండి. తెర లాగేవాడు, జంపఖానా చుట్టేవాడు, రంగు పూసేవాడు, వేషం కట్టిన ఆడపిల్ల, ఆమెకు తోడొచ్చిన మనిషి, అందరికీ అందులో విస్తరి ఉండాలి. మీ ఒక్క సమాజంలోనే కాదు, ఈ ఊళ్లో మొహానికి రంగేసే ప్రతి సమాజంలోనూ వేయాలి. ఆచారం తీసేస్తే అందరికీ తీసేయండి. ఉంచితే అందరికీ ఉంచండి. ఇది జరిగేదాకా మా వాడల నుంచి ఒక్క పిల్లను కూడా మీ మేడ ఎక్కనివ్వను. మెట్ల మీద నేనే అడ్డంగా కూర్చుంటాను.

ఇక మా పూల సంగతి. ఆమె నడుస్తోంది, తింటోంది, కాయ ఏరుతోంది. కానీ మీరు చావమన్నచోటు నుంచి ఆమెను మీలో ఒక్కరూ ఇంకా లేపలేదు. హారతి లేకపోయినా ఫరవాలేదు. పెరుగన్నం కలుపుకుని రండి. ముద్ద మీ చేత్తో పట్టుకుని, మీ నోటితో "లేచి రా" అనండి.